థర్మోకోల్ బంతులు ముడుచుకుపోతున్నాయి, రేపు పొద్దున్నే మోడల్ ఇవ్వాలి

కావలి అమ్మ: సాయంత్రం ఐదు నుంచీ ఇదే పని. మా పిల్లోణ్ణి కెమిస్ట్రీకి అణువు మోడల్ చేసుకురమ్మన్నారు. ట్రంకు రోడ్డులో తొమ్మిది థర్మోకోల్ బంతులు కొనుక్కొచ్చా. రంగేసిన కాసేపటికే రెండు నల్లవీ గుంటలు పడి ముడుచుకుపోయినాయి. ఎర్రదీ అంతే. మళ్ళీ కొనుక్కొచ్చి వేసినా అదే వరస. పుల్లలు గుచ్చితే అణువులు నిలబడలా, పక్కకి వాలిపోతుండాయి. బంతుల్లో ఏమన్నా కల్తీ ఉందా? అంగడి మూసేలోపు చెప్పండి ఎవరన్నా.

ఒంగోలు మాస్టారు: అమ్మా, మీరు గుచ్చేది అణువు కాదు, పరమాణువు. ఒక్కో బంతీ ఒక్కో పరమాణువు, అన్నీ కలిస్తే అణువు. ముప్పై ఏళ్ళు పదో తరగతికి చెప్పినవాణ్ణి, పిల్లలు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. అణుబాంబు అని పేపర్లు రాయబట్టే ఈ అయోమయం. అక్కడ చీలేది పరమాణు కేంద్రకం.

పొదిలి: ఏం రంగు? ఏ అణువు? రెండూ చెప్పలా.

కనిగిరి రైతు: మాస్టారూ, వాడుకలో అణువనే అంటారు. తప్పేముంది?

ఒంగోలు మాస్టారు: తప్పే. మన పాతకాలపు కణాద మహర్షి వైశేషిక దర్శనంలోనే పరమాణువు వేరు, రెండు కలిసిన ద్వ్యణుకం వేరు. ఉన్న తేడాని మనమెందుకు చెరుపుకోవాలి?

కావలి అమ్మ: స్ప్రే పెయింటండీ. మా ఆయన బండికి కొట్టగా మిగిలిన డబ్బాలు. తెల్లవాటికి ఏం వెయ్యలా. ఇథైల్ ఆల్కహాల్ చెయ్యాలంట. నడిమధ్యన ఎర్రది, అటొక నల్లది, ఇటొక నల్లది, వాటికి మూడేసి తెల్లవి.

పొదిలి: కల్తీ లేదు. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్ నురగ, అందులో నూటికి 90 పాళ్ళకు పైగా గాలే. స్ప్రే డబ్బాల్లో ఎసిటోన్ లాంటి ద్రావకాలుంటాయి, అవి తగిలితే పాలీస్టైరీన్ కరిగిపోద్ది. నీళ్ళలో కలిపే పోస్టర్ కలర్ వెయ్యండి. అతికించడానికి ఫెవికాల్.

నెల్లూరు ఇంటర్ మేడమ్: రంగు కన్నా పెద్ద పొరపాటు ఇంకొకటుందమ్మా. ఎర్రదాన్ని రెండు నల్లవాటి మధ్యన పెడితే అది ఇథైల్ ఆల్కహాల్ కాదు, డైమిథైల్ ఈథర్. రెంటిలోనూ కార్బన్లు (నల్లవి) 2, హైడ్రోజన్లు (తెల్లవి) 6, ఆక్సిజన్ (ఎర్రది) 1. లెక్క అదే, అమరిక వేరు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం, ఈథరేమో సున్నాకి 24 డిగ్రీల దిగువనే మరిగిపోయి మన ఎండల్లో వాయువుగానే ఉంటుంది. అందుకని నల్లవి రెండూ పక్కపక్కన పెట్టండి. ఒకదానికి మూడు తెల్లవి. రెండోదానికి రెండు తెల్లవి, ఒక ఎర్రది. మిగిలిన తెల్లది ఎర్రదానికి గుచ్చాలి. నల్లదానికి ప్లస్ గుర్తులాగా గుచ్చారేమో, అందుకే వాలుతోంది. మూడు పుల్లలు ముక్కాలిపీట కాళ్ళలా కిందికి, నాలుగోది నిట్టనిలువుగా పైకి ఉండాలి. ఏ రెంటి మధ్య చూసినా 109.5 డిగ్రీలకు దగ్గరగా రావాలి. నాలుగు బుడగలు ఒకే సైజులో ఊది మూతులు కలిపి కట్టండి, వాటంతటవే ఆ ఆకారంలోకి తిరుగుతాయి. అది బాబుకి చూపించి, పుల్లలు వాడి చేతనే గుచ్చించండి.

కనిగిరి రైతు: బంతులకి డబ్బులెందుకు? నానబెట్టిన శనగలు, ఈనెపుల్లలు చాలు. ఆరేకొద్దీ శనగ బిగిసి పుల్లను పట్టుకుంటది. మా పిల్లలకి అట్టనే చేయించా. ప్రకాశంలో శనగలకేం కరువు?

పొదిలి: పొద్దున్నే ఇవ్వాలంటుంటే ఇప్పుడు నానబెట్టేదెప్పుడు, ఆరేదెప్పుడు?

ఒంగోలు మాస్టారు: కార్బన్‌కి నలుపు, హైడ్రోజన్‌కి తెలుపు, ఆక్సిజన్‌కి ఎరుపు అనే పద్ధతి 1865లో లండన్‌లో హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త క్రోకే ఆట బంతులతో చూపించింది. ఆయన మోడళ్ళూ బల్లపరుపుగానే ఉండేవి. కార్బన్ నాలుగు చేతులూ బల్లపరుపుగా కాక, మేడమ్ చెప్పిన ముక్కాలిపీట ఆకారంలో ఉంటాయని వాంట్ హాఫ్ అనే శాస్త్రవేత్త చెప్పింది 1874లో. ఇది కూడా పిల్లవాడికి చెప్పండి. పరమాణువు అనే చెప్పండి.

కావలి అమ్మ: పోస్టర్ కలర్ దొరికింది, ఫ్యాను కింద ఆరుతుండాయి. థాంక్సండీ అందరికీ.

నెల్లూరు ఇంటర్ మేడమ్: ఎర్రదాని దగ్గర రెండు పుల్లలూ ఒకే గీతలో పెట్టకండి, అక్కడ వంపుండాలి. నీటి అణువులో వంపు 104.5 డిగ్రీలు, ఇక్కడా ఇంచుమించు అంతే. వచ్చిందా?