12 పాయింట్లు నిండుతున్నాయి: కోర్టులో హార్డ్‌షిప్ అడగాలా, ఆరు నెలల బ్యాన్ తీసుకోవాలా?

ఎంకే గుంటూరోడు:
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. ట్రాఫిక్ తప్పులకి లైసెన్స్ మీద వేసే పెనాల్టీ పాయింట్లు నాకిప్పటికే 9 ఉన్నాయి, మూడుసార్లూ స్పీడింగే. అంతకుముందు ఒకసారి పాయింట్లకి బదులు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు కూడా చేశాను, అది అయి ఇంకా మూడేళ్లు కాలేదు. పోయిన నెల ఏ5 రోడ్డు మీద గంటకి 50 మైళ్ల లిమిట్ ఉన్నచోట 58లో వెళ్తూ కెమెరాకి దొరికాను. 9 ఉన్నవాడికి ఫిక్స్‌డ్ పెనాల్టీ (కోర్టు లేకుండా జరిమానా, పాయింట్లతో సరిపెట్టడం) ఇవ్వరట, మేజిస్ట్రేట్ కోర్టుకి రమ్మన్నారు. ఇంకో 3 పడితే 12. అంటే కనీసం ఆరు నెలలు బ్యాన్.

మా ఆవిడ నర్సు. పొద్దున ఏడున్నరకల్లా వార్డులో ఉండాలి, పన్నెండు గంటల షిఫ్టు. తన ఇండియా లైసెన్స్‌కి ఇక్కడిచ్చే 12 నెలల గడువు ఎప్పుడో అయిపోయింది. థియరీ పాసైంది, ప్రాక్టికల్ టెస్టుకి ఇంకా నాలుగు నెలలుంది. పాపకి నాలుగేళ్లు, నర్సరీలో దింపాలి, తీసుకురావాలి. అన్నిటికీ నేనే డ్రైవర్ని.

బ్యాన్ పడితే మామూలుకి మించిన కష్టం వస్తుందని, అంటే 'ఎక్సెప్షనల్ హార్డ్‌షిప్' అని కోర్టులో అడిగితే బ్యాన్ తప్పొచ్చని మా లాయర్ (సొలిసిటర్) అంటున్నారు, ఫీజు 900 పౌండ్లు. అడగమంటారా? రెండోది, ఇన్సూరెన్స్. ఇప్పుడు ఏడాదికి 610 కడుతున్నాను. బ్యాన్ పడితే రెట్టింపు దాటుతుందంటున్నారు, అదీ ఐదేళ్లపాటు. కోర్టు వేసిన శిక్ష అనుభవించాక మళ్లీ కంపెనీ వేసే శిక్ష ఎందుకు? నా దృష్టిలో ఇది అన్యాయం.

లెస్టర్ పెద్దన్న:
తమ్ముడూ, 2021లో నేను ఇదే కోర్టు మెట్లెక్కాను. హార్డ్‌షిప్ అడగలేదు, బ్యాన్ తీసుకున్నాను. నిన్నూ అదే చెయ్యమంటాను. కారణం చాలామందికి తెలియదు.

12 నిండి పడే బ్యాన్, అదే టాటింగ్ బ్యాన్, పూర్తయ్యాక ఆ పాయింట్లు మళ్లీ లెక్కలోకి రావు, సున్నా నుంచి మొదలుపెడతావు. హార్డ్‌షిప్ నెగ్గావనుకో, ఆ 12 పాయింట్లూ లైసెన్స్ మీద అలాగే ఉంటాయి. ఆ తర్వాత ఇంకొక్క 3 పడినా మళ్లీ కోర్టే. అప్పుడు ఇవే కారణాలు చెప్పడానికి వీల్లేదు, మూడేళ్లలోపు ఒకసారి వాడిన కారణాన్ని మళ్లీ వాడకూడదు. రెండున్నరేళ్లలో నాలుగుసార్లు దొరికినవాడివి, మిగతా పాయింట్లు పాతబడేదాకా ఒక్కసారి కూడా దొరకకుండా ఉండగలవా? నువ్వే ఆలోచించు.

ఆ ఆరు నెలలూ కష్టమే. చలికాలంలో ఆరింటికి బస్సు కోసం నిలబడ్డాను, వారాంతం సామాన్లు వీపు మీద మోశాను. కానీ గడిచిపోయాయి. ఇన్సూరెన్స్ 580 ఉండేది, తిరిగొచ్చిన ఏడాది 1,340 అయింది. తర్వాత ఏడాది 1,050. ఇప్పుడు 800 దగ్గరుంది. దిగుతుంది, కాకపోతే మెల్లగా.

ఓరుగల్లు బిడ్డ:
పెద్దన్న చెప్పింది లెక్కకి కరెక్టే గని, నేను ఒప్పుకోను. నేను హార్డ్‌షిప్ అడిగిన, నెగ్గిన. మా అమ్మకి వారంల మూడు రోజులు డయాలసిస్. మేముండేది ఊరవతల, పొద్దున బస్సులు లేవు. హాస్పిటల్ లెటరు, బస్ టైంటేబులు, ట్యాక్సీకి నెలకి ఎంతయితదో లెక్క, అన్ని కాగితాలు పట్కపోయిన. మేజిస్ట్రేట్ల బెంచీ ముంగట ప్రమాణం చేసి చెప్పాలె. వాళ్లు గట్టిగనే అడుగుతరు: "మీ అన్నదమ్ములు లేరా? ట్యాక్సీ ఎందుకు కుదరదు? పొదుపు ఎంతుంది?" అన్నిటికీ జవాబు చెప్పిన.

చట్టం ఇచ్చిన హక్కు అది. 1988 రోడ్ ట్రాఫిక్ అఫెండర్స్ చట్టంలనే ఉంది. తప్పు చేసింది నువ్వు, నష్టపోయేది నీ బిడ్డ, నీ భార్య చూసే పేషెంట్లు. అడగకుంట ఎందుకు ఊకుంటవ్ అన్నా? అడిగితే పోయేదేం లేదు, ఫీజు తప్ప.

ఎల్‌బోర్డు అక్క:
నేను ఇక్కడ డ్రైవింగ్ నేర్పిస్తాను. కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకు తమ్ముడూ.

ఓరుగల్లు తమ్ముడి కేసు వేరు. డయాలసిస్ ఆగితే ప్రాణం మీదికొస్తుంది. నీది కష్టమే, కాదనను. కానీ బ్యాన్ పడిన ప్రతి ఇంట్లో ఏదో ఒక కష్టం ఉంటుందని, ఉద్యోగం పోయే ప్రమాదం ఒక్కటే చాలదని మేజిస్ట్రేట్లకిచ్చే మార్గదర్శకాల్లోనే ఉంది. మామూలు కష్టాన్ని మించింది చూపించాలి. నర్సరీ, షిఫ్టు, ఇవి ఈ దేశంలో సగం ఇళ్ల కథ.

ఇంకొకటి. నువ్వు రాసిందాంట్లో '58' అన్న అంకె ఉంది, రోడ్డు మీది మనుషులు లేరు. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ ప్రకారం 30లో వెళ్లే కారు ఆగడానికి 23 మీటర్లు పడుతుంది. 40లో 36 మీటర్లు. పది మైళ్లు పెరిగితే పదమూడు మీటర్లు, అంటే దాదాపు మూడు కార్ల పొడవు. ఆ పదమూడు మీటర్లలో ఎవరి బిడ్డ రోడ్డు దాటుతుందో మనకి తెలియదు. నాలుగు సార్లూ నీ పాప వెనక సీట్లో ఉందో లేదో ఒకసారి గుర్తు చేసుకో.

మన ఊరి అలవాటు కూడా కొంత కారణం. అక్కడ చలాను అంటే డబ్బు కట్టి మర్చిపోయేది. 2022 మార్చిలో తెలంగాణలో పాత చలాన్లకి బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గించి కట్టించుకున్నారు. నా దగ్గరికొచ్చే మనవాళ్లు చాలామంది ఆ లెక్కతోనే వస్తారు. ఇక్కడ ప్రతి ఫొటో లైసెన్స్ మీదికే ఎక్కుతుంది.

స్లౌ సత్తిబాబు:
ఇంత చర్చ అవసరమా అండీ? కారు, ఇన్సూరెన్స్ రెండూ వదినగారి పేరు మీదకి మార్చేయండి. మీరు పాలసీలో అదనపు డ్రైవర్‌గా, అంటే నేమ్‌డ్ డ్రైవర్‌గా ఉండండి, ప్రీమియం తగ్గుతుంది. అసలు బండి ఎవరు నడిపారని అడిగే నోటీసు వచ్చినప్పుడే బండి ఇంకొకరు నడిపారని రాసిచ్చుంటే పాయింట్లే పడేవి కాదు. మాకు తెలిసినవాళ్లు చేశారు.

ఎల్‌బోర్డు అక్క:
సత్తిబాబు గారూ, ఆ రెండో మాట ఎవరికీ చెప్పకండి. క్రిస్ హ్యూన్ అని ఇక్కడ క్యాబినెట్ మంత్రి ఉండేవాడు. 2003లో ఎం11 మీద కెమెరాకి దొరికి, ఆ పాయింట్లు భార్య విక్కీ ప్రైస్ తీసుకునేలా చేశాడు. ఏళ్ల తర్వాత బయటపడింది. 2012లో మంత్రి పదవి పోయింది, 2013 మార్చిలో ఇద్దరికీ చెరో ఎనిమిది నెలలు జైలు శిక్ష పడింది. మూడు పాయింట్ల కోసం! వీసా మీద ఉన్న మనవాళ్లకి అలాంటి కేసు పడితే ఏమవుతుందో ఊహించుకోండి. పోనీ ఎవరు నడిపారో చెప్పకుండా ఊరుకుందామా అంటే, దానికి ఆరు పాయింట్లు.

లెక్కల మాస్టారు:
నేను పన్నెండేళ్లుగా మోటార్ ఇన్సూరెన్స్ ధరల లెక్కల్లోనే పనిచేస్తున్నాను. సత్తిబాబు గారి మొదటి సలహాకి మా దగ్గర పేరుంది, 'ఫ్రంటింగ్' అంటాం. అసలు రోజూ నడిపేది భర్త, కాగితం మీద మెయిన్ డ్రైవర్ భార్య. అది మోసం. చిన్న యాక్సిడెంట్ అయితే చాలు, బయటపడుతుంది. బ్యాన్ నడుస్తున్న ఆరు నెలలూ నిజంగా ఆవిడే నడిపితే, అప్పటికి టెస్టు పాసైతే, ఆవిడ పేరు మీద పాలసీ తీసుకోవడం తప్పు కాదు. బ్యాన్ అయ్యాక మళ్లీ మీరే రోజూ నడుపుతూ ఆవిడ పేరే ఉంచితే తప్పు.

ఇక దాచడం గురించి. ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్ల గురించి వచ్చిన 2012 చట్టం ప్రకారం కంపెనీ అడిగిన ప్రశ్నకి నిజం చెప్పడం మీ బాధ్యత. అజాగ్రత్తగా తప్పు చెబితే క్లెయిమ్‌లో కోత పడొచ్చు. కావాలని దాచితే పాలసీయే రద్దు చేసి, కట్టిన ప్రీమియం కూడా ఉంచేసుకోవచ్చు. ఎదుటివాడి నష్టం కంపెనీ కట్టి, ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేస్తుంది. పైగా ఇన్సూరెన్స్ రద్దయిందన్న మాట తర్వాత ప్రతి ఫారంలోనూ చెప్పాల్సి వస్తుంది.

గుంటూరు తమ్ముడు అడిగిన 'రెండో శిక్ష' దగ్గరికి వస్తాను. అది శిక్ష కాదు. నీలాంటి రికార్డు ఉన్నవాళ్ల గుంపుకి క్లెయిములు ఎక్కువ వస్తాయని కంపెనీ లెక్క. ఆ ఖర్చు నీ దగ్గర తీసుకోకపోతే ఎవరి దగ్గర తీసుకోవాలి? ఒక్క టికెట్టు కూడా లేని మీ పక్కింటాయన దగ్గర తీసుకోవాలి. అది న్యాయమా?

ఎంకే గుంటూరోడు:
మాస్టారూ, గుంపు లెక్క అర్థమైంది. కానీ ఎల్లప్పుడూ 58లో దొరికినవాడినీ, మోటర్‌వే మీద 110లో వెళ్లి ఒక్క దెబ్బకి బ్యాన్ తెచ్చుకున్నవాడినీ ఒకే గుంపులో ఎందుకు వేస్తారు? నిన్న కంపెనీలు ఎంత అడుగుతాయో 'కోట్'లు తీసి చూశాను. "గత ఐదేళ్లలో డిస్‌క్వాలిఫై అయ్యారా?" అన్నదానికి అవును అనగానే కొన్ని కంపెనీలు అసలు ధరే చెప్పలేదు. నేనెవరినీ గుద్దలేదు, ఎనిమిదేళ్లుగా క్లెయిమ్ అడగనందుకిచ్చే 'నో క్లెయిమ్స్' డిస్కౌంటు ఉంది.

లెక్కల మాస్టారు:
ఈ మాట మాత్రం నీది న్యాయమే. నాకూ అది నచ్చదు. లైసెన్స్ మీద రాసే కోడ్ వేరేగానే ఉంటుంది, 12 నిండి పడిన బ్యాన్‌కి టీటీ99 అని. చాలామంది ఆ తేడా చూడరు, అవును లేదా కాదు అని అడిగి వదిలేస్తారు. కన్విక్షన్లు ఉన్నవాళ్ల కోసమే పనిచేసే బ్రోకర్లున్నారు, వాళ్లు విడమరిచి చూస్తారు. ఫోన్ చేసి మాట్లాడు, వెబ్‌సైట్ మీద ఆధారపడకు.

నో క్లెయిమ్స్ గురించి భయపడకు. పాలసీ ఆపేసినా మామూలుగా రెండేళ్ల దాకా చెల్లుతుంది, ఆరు నెలలకేం కాదు. రెన్యూవల్‌కి మూడు వారాల ముందు 'కోట్'లు తియ్యి, ఆఖరి రోజు తీస్తే ఎక్కువ చూపిస్తుంది. నువ్వెలా నడుపుతున్నావో కంపెనీకి చెప్పే బ్లాక్ బాక్స్ పెట్టించుకుంటావా, ఇంకా మంచిది. లైసెన్స్ మీద టీటీ99 కోడ్ తీర్పు రోజు నుంచి నాలుగేళ్లు కనిపిస్తుంది, చట్టం దృష్టిలో మాత్రం ఐదేళ్లకి గానీ పాతబడదు. ఐదేళ్లు నిండాక అడిగినా చెప్పక్కర్లేదు.

లెస్టర్ పెద్దన్న:
ఓరుగల్లు తమ్ముడిని ఒకటి అడగాలి. నెగ్గాక ఆ మూడేళ్లు ఎలా గడిచాయి? నిజం చెప్పు.

ఓరుగల్లు బిడ్డ:
నిజం చెప్పాలంటే నిద్ర పట్టలే అన్నా. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు చెమటలు పట్టేటివి. 20 జోన్‌ల 17లో పోయేటోన్ని, ఎనకోడు హారన్ కొట్టినా సరే. ఇన్సూరెన్స్ కూడా ఏం తగ్గలే, బ్యాన్ లేకున్నా 12 పాయింట్లు కనబడుతయి కద, 1,200 అడిగిన్రు. గని అమ్మ కోసం మళ్ల అదే చేస్త. గుంటూరు అన్నకి నేను చెప్పేది ఒకటే: ఆశ ఉంటె అడుగు, అబద్ధం మాత్రం చెప్పకు. అక్కడ ప్రమాణం చేస్తం.

ఎంకే గుంటూరోడు:
రెండు రోజులు మా ఆవిడతో కూర్చుని మాట్లాడాను. అక్క అడిగిన ప్రశ్న తనూ అడిగింది. నాలుగింట్లో రెండుసార్లు పాప కారులోనే ఉంది. ఆ మాట తర్వాత బెంచీ ముందు నిలబడి పాప పేరు చెప్పి అడగలేను. 900 పౌండ్లు సొలిసిటర్‌కి ఇవ్వట్లేదు, ట్యాక్సీలకి పక్కన పెడుతున్నాం. మా మేనేజర్ వారానికి మూడు రోజులు ఇంటి నుంచి చెయ్యమన్నారు. నర్సరీ నడిచి ఇరవై ఐదు నిమిషాలు. మా ఆవిడ షిఫ్టే ఇంకా తేలలేదు, ఆదివారాలు ఆ టైముకి బస్సు లేదు.

ఇన్సూరెన్స్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు మాస్టారూ. ఎక్కువ తీసుకోండి, కానీ ఎవరేం చేశారో చూసి తీసుకోండి.

ఒక సందేహం. ఈ నాలుగు నెలలూ పక్కన కూర్చుని ఆవిడకి ప్రాక్టీస్ చేయించొచ్చా?

ఎల్‌బోర్డు అక్క:
బ్యాన్ పడ్డాక కుదరదు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చునేవాళ్లకి 21 ఏళ్లు దాటి, మూడేళ్లుగా ఫుల్ లైసెన్స్ ఉండాలి. బ్యాన్‌లో ఉన్నవాడికి లైసెన్స్ లేనట్టే. నెలకి రెండు ఆదివారాలు నేను మీ పక్కనే బ్లెచ్లీ వైపు వస్తాను, ఆవిడ షిఫ్టు దారిలోనే ప్రాక్టీస్ చేయిద్దాం, నంబరు విడిగా పంపు. టెస్టు పాసయ్యాక మొదటి రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సే రద్దవుతుందని ఆవిడకి ఇప్పుడే చెప్పు.

కారు రోడ్డు మీద ఉంటే ఇన్సూరెన్స్, ట్యాక్స్ ఆపకూడదు. బండి రోడ్డు మీద వాడట్లేదని రాసిచ్చే 'సోర్న్' చెయ్యాలంటే మీ డ్రైవ్‌వేలో పెట్టాలి. 56 రోజులు, అంతకు మించిన బ్యాన్ కాబట్టి లైసెన్స్ దానంతటది తిరిగి రాదు, మళ్లీ అప్లై చెయ్యాలి. బ్యాన్ ముగిసే ముందు లైసెన్సులిచ్చే సంస్థ డీవీఎల్‌ఏ నుంచి ఫారం వస్తుంది, ఇల్లు మారితే అడ్రస్ మార్పించుకో. కొత్త లైసెన్స్‌కి అప్లై చెయ్యకుండా ఆరు నెలలయిపోయాయి కదా అని బండి తియ్యకు.

ముఖ్యమైంది ఇంకొకటుంది. కోర్టుకి కారులో వెళ్లకు. బ్యాన్ అన్న మాట నోట్లోంచి వచ్చిన క్షణం నుంచే అమలు. పార్కింగ్‌లో ఉన్న బండి కూడా ఇంటికి తీసుకురాలేవు.

లెస్టర్ పెద్దన్న:
కోర్టు ఏ రోజో చెప్పు తమ్ముడూ. నేను వచ్చి తీసుకెళ్తాను.