అప్‌డేట్: సమ్మె రోజుల్లో ఆపరేటర్ దొరకని మా ల్యాండ్‌లైన్ సంగతి

టెలిఫోను ఉద్యోగుల సమ్మె సమయంలో నల్లకుంటలోని మా ల్యాండ్‌లైన్ మూగబోయిందనీ, సహాయ కేంద్రంలో ఆపరేటరు దొరకడం లేదనీ, ఏం చేయాలో చెప్పమనీ ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు, లైను బాగుపడింది.

ఎక్స్ఛేంజీ యంత్రాలు కాల్స్‌ను వాటంతటవే కలుపుతాయి కనుక పక్కింటివారి ఫోను సమ్మెలోనూ నిక్షేపంగా మోగింది. ట్రంక్ కాల్ (ఆపరేటరు కలిపే దూరపు ఊరి కాల్) బుక్ చేసి కాచుకుని కూర్చున్న కాలంలో అయితే ఆపరేటరు లేకపోతే ఊళ్ల మధ్య మాటే ఉండేది కాదు; 1960లో లక్నో, కాన్పూరు మధ్య ఎస్టీడీ (ఆపరేటరు లేకుండా వేరే ఊరికి నేరుగా నంబరు తిప్పే పద్ధతి) మొదలయ్యాకే మన దేశంలో ఆ ఇబ్బంది క్రమంగా తగ్గింది. ఇప్పుడు సమ్మె దెబ్బ తగిలేది ఫిర్యాదు వినే చోట, తీగ కలిపే చోట. సమ్మె ముగిశాక వచ్చిన లైన్‌మన్ వీధి మలుపులోని పెట్టె తెరిచి, వాన నీటికి పచ్చగా చిలుము పట్టిన తీగల కొసలు కత్తిరించి, కొత్త జాయింటు వేశాడు. పని కొద్ది నిమిషాలదే.

మీరు చెప్పినట్టు యాప్‌లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకోవడం మేలైంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ నంబరు ఇవ్వడం ఫోను సంస్థ బాధ్యత. పరిష్కారం నచ్చకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు. ఉద్యోగుల మీద నాకు కోపం లేదు. టెలిఫోనును ప్రజోపయోగ సేవగా లెక్కించిన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కాలం నుంచీ సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి కాబట్టి, చందాదారులకు ఒక్క ఎస్సెమ్మెస్ పంపే వ్యవధి యాజమాన్యానికి ఉండే ఉంటుంది. పని చేయని రోజులకు బిల్లులో తగ్గింపు మాత్రం ఇంకా రాలేదు. అదే డాకెట్ నంబరుతో అప్పీలు వేశాను.