చెంచామూతి ఉల్లంకా, బురద అంటిన స్టింటా?

ప్రశ్న: చలికాలపు బురదమేటల్లో లిటిల్ స్టింట్ల (బురదలో మేసే చిన్న పిట్టల) గుంపులో ఒకదాని ముక్కు కొస వెడల్పుగా ఉంది. ఫొటో దూరం నుంచి, పక్కవాటుగా తీసింది. చెంచామూతి ఉల్లంకి (ముక్కు కొస చెంచాలా ఉండే పిట్ట, స్పూన్-బిల్డ్ శాండ్‌పైపర్) అని, చూసిన పిట్టల్ని నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఎక్కించేయొచ్చా?

జవాబు 1: ఆగండి. పక్క నుంచి చూస్తే ఆ చెంచా దాదాపు తెలియదు. ఎదురుగానో పైనుంచో తీసిన ఫొటో కావాలి. స్టింట్ ముక్కుకు బురద ముద్ద అంటుకున్నా అచ్చం చెంచాలాగే ఉంటుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పది నిమిషాలు కనిపెట్టుకుని చూడండి. బురదైతే నీళ్లలో కడుక్కుపోతుంది, చెంచా పోదు. అప్పటిదాకా ‘జాతి తేలని చిన్న ఉల్లంకి’ అనే రాయండి.

జవాబు 2: ముక్కుకంటే మేత తీరు నయం. స్టింట్ టకటకా ఏరుకుంటూ పరుగులు తీస్తుంది. చెంచామూతిది తల దించి, పలచటి నీళ్లలో ముక్కును అటూఇటూ ఆడిస్తూ ముందుకు తోసే నడక. నుదురు, చెంపలు ఇంకా తెల్లగా, తల కాస్త పెద్దగా ఉంటాయి. సైజును మాత్రం నమ్మొద్దు: చెంచామూతి 14-16 సెం.మీ., స్టింట్ 12-14, దూరాన ఆ తేడా ఏం తెలుస్తుంది!

జవాబు 3: సముద్రపు పోటు నిండడానికి రెండు గంటల ముందే చేరి, ఎండ వీపున పడేలా కూర్చోండి. నీరే పిట్టల్ని దగ్గరకు తోస్తుంది. మధ్యాహ్నం దూరదర్శిని స్కోప్‌లో జూమ్ పెంచినకొద్దీ వేడిగాలికి బొమ్మ అలలాడుతుంది, 30 రెట్లు చాలు. కెమెరా షటర్ 1/1600 సెకను, వరసగా పది ఫ్రేములు. కాలికి పరిశోధకులు తొడిగిన గుర్తు జెండా ఉంటే రంగు, అక్షరాలు, ఏ కాలో రాసుకోండి. పిట్టలు మేత ఆపి తలలెత్తాయా, ఇక అడుగు వేయకండి.