రోజూ క్లాసు అయ్యాక ఏమైనా రాసుకుంటారా? నిజంగా పనికొస్తుందా?

కొత్తటీచర్_దేవరకొండ:

అందరికీ నమస్తే. 2024 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచర్‌గా సెలెక్టయ్యి, దసరా సెలవుల తర్వాత దేవరకొండ అవతల ఒక తండా బడిలో చేరాను. ఇద్దరమే టీచర్లం, ఒకటి, రెండు తరగతులు నావి. విషయం ఏంటంటే, పాఠ్య ప్రణాళిక చివర్న టీచర్ ప్రతిస్పందనలు రాయాలి కదా, అక్కడ నేను చేరినప్పటి నుంచి "పిల్లలు బాగా అర్థం చేసుకున్నారు" అనే రాస్తున్నాను. అర్థం చేసుకోలేదని నాకు తెలుసు. డీఎడ్ ఇంటర్న్‌షిప్‌లో రిఫ్లెక్టివ్ జర్నల్ (రోజూ క్లాసు ఎట్లా జరిగిందో రాసుకునే బుక్కు) కూడా ఇట్లనే, సబ్మిట్ చేసే ముందు రాత్రి హాస్టల్లో ఐదారుగురం కూర్చుని పెన్నులు మార్చి మార్చి నెల రోజులవి ఒక్కసారే రాసేశాం. నవ్వకండి, మీరూ రాసే ఉంటారు.

మొన్న చుట్టుపక్కల బళ్ల టీచర్లకు పెట్టే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక సీనియర్ మేడమ్, ఆఫీసుకి చూపించేది కాకుండా నీ కోసం రోజూ ఏదో ఒకటి రాసుకో అన్నారు. మూడు రోజులు కూర్చున్నాను. "ఈ రోజు గోల ఎక్కువ, తలనొప్పి" దగ్గరే ఆగిపోతున్నాను. నిజంగా రాసేవాళ్లు ఏం రాస్తారు, ఎంత రాస్తారు? రాసింది ఎవరికైనా చూపిస్తారా?

పాలమూరు_అక్క:

చెల్లీ, నీ తలనొప్పి గురించి రాస్తే అక్కడే ఆగుతావు, ఎందుకంటే రేపు కూడా అదే తలనొప్పి. పిల్లలు అన్న మాట రాయి. ఉన్నది ఉన్నట్టు, వాళ్ల మాటలోనే.

నాది మూడో తరగతి. ఒకసారి తీసివేతలు ఇచ్చాను, 52 లోంచి 27. సగం మందికి 35 వచ్చింది. అన్నీ కొట్టేసి, అప్పు తెచ్చుకోవడం మళ్లీ మొదటి నుంచి చెప్పాను, మర్నాడు మళ్లీ 35. ఆ రాత్రి నోటుబుక్కులో ఒకే ఒక్క లైను రాసుకున్నాను, అందరికీ ఒకటే తప్పు ఎట్లా వస్తుంది అని. రాశాక గానీ తట్టలేదు, వాళ్లు లెక్క తప్పడం లేదు, 7 లోంచి 2, 5 లోంచి 2 తీస్తున్నారు. తెల్లారి ఒక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకట్లా తీశావు అని అడిగితే, "చిన్నదాంట్లకెల్లి పెద్దది పోదు అని మీరే చెప్పిన్రు గద టీచర్" అంది. నిజమే, రెండో తరగతిలో నేనే చెప్పాను! అది నేను నేర్పిన తప్పు. ఆ ఒక్క లైను రాయకపోయి ఉంటే పిల్లలకి బుర్ర లేదని ఇంకో వారం తిట్టుకునేదాన్ని. తర్వాత పుల్లల కట్టలు తెచ్చి, ఒక పది కట్ట విప్పించి చేయించాను.

నేను రాసేది నాలుగు లైన్లే, అదీ రోజూ కాదు. మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు ప్లేట్లు కడుక్కునేటప్పుడు రాస్తాను. ఇంటికి పోయి రాద్దామనుకుంటే మాత్రం అయ్యే పని కాదు.

సుద్దముక్క:

నేను వేరే మాట చెప్తాను, ఏమనుకోకండి. ఇద్దరు టీచర్లున్న బడిలో హాజరు ఫోన్లో పెట్టాలి, భోజనాల లెక్క పంపాలి, బడి వివరాలన్నీ యూడైస్‌లో నింపాలి, ఒకరు మీటింగ్‌కి పోతే ఐదు తరగతులూ ఇంకొకరి నెత్తినే. వీటి మధ్యలో డైరీ ఒకటా? రాయమనే పెద్దమనుషులు మా తరగతులు ఒక్క వారం చూసుకుంటే సంతోషం.

ఇంకోటి, మా దగ్గర ఒక సార్ ఇట్లనే మంచిగా రాసుకునేవాడు. తనిఖీకి వచ్చినాయన చూసి మెచ్చుకుని అందరూ రాయాలన్నాడు. నెల తిరగకముందే అందరి బుక్కుల్లో "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు." ఆ సార్ కూడా మానేశాడు. కాబట్టి మేడమ్, రాస్తే రాయండి, దాన్ని బడి బీరువాలో మాత్రం పెట్టకండి.

లెక్కలసారు_గద్వాల:

సుద్దముక్క గారు అన్న పని భారం అబద్ధం కాదు. కానీ రిజిస్టరులో గైర్హాజరు అని మాత్రమే ఉంటుంది, ఎందుకో ఉండదు. మాది సీడ్ పత్తి ఏరియా. ఆగస్టు, సెప్టెంబర్ వచ్చిందంటే క్రాసింగ్ పని. సాయంత్రం ఆడ మొక్క మొగ్గల్లోంచి పుప్పొడి భాగం గిల్లేయాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి ఒక్కొక్కదానికీ రుద్దాలి. చిన్న చేతులు కావాలంటారు, ఎత్తు తక్కువ ఉంటే వంగే పని లేదంటారు. ఏడు, ఎనిమిది తరగతుల్లో బెంచీలు ఖాళీ.

మొదటి ఏడాది నాకు కోపమే. చదువు మీద ధ్యాస లేదని రాసుకున్నాను కూడా. ఊరికే ఉండలేక ఎవరు ఏ వారం రాలేదు, వచ్చాక ఏం చెప్పారు అని రెండేళ్లు రాస్తూ పోయాను. తర్వాత ఒక సెలవు రోజు రెండు బుక్కులూ పక్కపక్కన పెట్టి చూస్తే అవే ఇళ్లు, దాదాపు అవే వారాలు. నేనేమో సరిగ్గా ఆ వారాల్లోనే బీజీయ సమాసాలు మొదలుపెడుతున్నా, వాళ్లు తిరిగొచ్చేసరికి క్లాసు చాలా దూరం పోతోంది, ఇక వాళ్లకి లెక్కలంటే భయం. ఇప్పుడు ఆ రోజుల్లో జ్యామితి పెట్టుకుంటున్నా. పత్తి పని ఆగలేదు, దాని కోసం ఇళ్ల చుట్టూ తిరగడం వేరే కథ. కనీసం వచ్చిన పిల్లవాడు క్లాసులో పరాయివాడిలా కూర్చోవడం తగ్గింది.

రాయడం కంటే వెనక్కి తిప్పి చదవడమే అసలు పని అని నాకనిపించింది. చాలామంది రాసి మూసేస్తారు.

పాతకాలేజీ_మేడమ్:

డైట్‌లో అంటే మీ డీఎడ్ కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ పెన్నులు మార్చి రాసిన జర్నళ్లు దిద్దినదాన్ని నేనే (మాకు తెలుసమ్మా, తెలిసీ మార్కులు వేసేవాళ్లం). డొనాల్డ్ షాన్ అనే ఆయన 1983లో దీని మీద రాస్తూ, పని చేస్తుండగా నడిచే ఆలోచన, పని అయ్యాక చేసే ఆలోచన అని రెండుగా విడదీశాడు. మేము పరీక్షకు ఆ పేర్లు బట్టీ పట్టించాం, పాలమూరు_అక్క చెప్పిన 35 కథ లాంటిది ఒక్కటి కూడా చెప్పలేదు.

చూపించే సంగతి ఒకటి చెప్పాలి. నమ్మకమున్న ఇద్దరు ముగ్గురు టీచర్లకు చదివి వినిపిస్తే చాలా లాభం, మనకు కనపడనిది వాళ్లకు కనపడుతుంది. నలుగురూ చూసేచోట పెడితే మాత్రం జాగ్రత్త. పేరు తీసేస్తే సరిపోతుందనుకుంటారు, నలభై గడపల తండాలో "నాన్న పుణెకు వలసపోయిన రెండో తరగతి పాప" అంటే అది ఎవరో అందరికీ తెలుసు. ఫోటోలు అసలు వద్దు. పైగా గవర్నమెంటు ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమాలు ఉన్నాయి, పాఠం గురించి, పిల్లల ఆలోచన గురించి రాసుకుంటే చిక్కేం లేదు, ప్రభుత్వాన్ని, అధికారులను విమర్శిస్తూ బయట పెడితే మెమో ఇంటికొస్తుంది.

కొత్తటీచర్_దేవరకొండ:

అందరికీ థ్యాంక్స్. అక్కా, మీరు చెప్పినట్టు భోజనాల టైంలో నాలుగు రోజులు రాశాను. నిన్నటిది పెడుతున్నా, గుర్తుపట్టే వివరాలు తీసేశాను మేడమ్.

"బొమ్మ చూపించి ఇదేంటి అన్నాను. పాణి అంది. పాణి కాదు, నీళ్లు అన్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు. ఆ తర్వాత బెల్లు కొట్టేదాకా ఆ పిల్ల నోరు తెరవలేదు."

పాణి అంటే వాళ్ల లంబాడిలో నీళ్లే. ఇన్ని రోజులూ ఒకటో తరగతి పిల్లలు ముభావంగా ఉంటారని అనుకుంటున్నాను. ఈ రోజు పొద్దున బోర్డు మీద వాళ్ల మాట యాడి, మన మాట అమ్మ అని పక్కపక్కన రాస్తే ఎనిమిది మంది ఒకేసారి అరిచారు, పక్క గదిలోంచి సార్ వచ్చి చూసి పోయాడు. తర్వాత పాణి రాయబోయి ణ దగ్గర ఆగిపోయాను, ఆ అక్షరం వాళ్లకి ఇంకా చెప్పలేదు. తండా బళ్లలో చేసినవాళ్లు లంబాడి మాటలు రాయించేటప్పుడు ఏ అక్షరాలతో మొదలుపెట్టారో చెప్తారా?