తెలుగు పుస్తకానికి తెల్ల కాగితమా, నేచురల్ షేడా?

తెనాలి అమ్మాయి

నాన్న పోయి ఏడాది కావస్తోంది. ఆయన రాసి దాచుకున్న కథలు ఇరవై రెండు ఉన్నాయి. కొన్ని నోటు పుస్తకాల్లో, కొన్ని ఆఫీసు ఫైలు వెనక పేజీల మీద. అన్నీ టైప్ చేయించి మూడుసార్లు ప్రూఫులు దిద్దాం. డెమ్మీ 1/8, అంటే మామూలు కథల పుస్తకం సైజులో సరిగ్గా 192 పేజీలు తేలింది. 500 కాపీలు వేద్దామనుకున్నాం. అంతా అయ్యి కాగితం దగ్గర ఆగిపోయాం.

ప్రెస్సాయన రెండు నమూనాలు చేతిలో పెట్టారు. ఒకటి 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల తూకం) తెల్ల మ్యాప్‌లిథో, అంటే నున్నటి అచ్చు కాగితం. రెండోది అదే 70 జీఎస్ఎంలో నేచురల్ షేడ్ బల్కీ. లేత పసుపు రంగు, చేతికి కాస్త గరుగ్గా ఉంది. తూకం ఒకటే అయినా ఇది లావుగా కనిపిస్తోంది, ధర కూడా కొంచెం ఎక్కువే. "మంచి పుస్తకాలన్నీ ఇప్పుడు దీనిమీదే వస్తున్నాయి, తెల్లది వేస్తే పరీక్షల గైడులా ఉంటుంది" అని తమ్ముడి వాదన. అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడకి తెల్లదాని మీదే అక్షరం ఆనుతోందట. ఈ పుస్తకం మొదట చదవాల్సింది అమ్మే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పుస్తకాల సంచి

నాది మీ తమ్ముడి పక్షమండీ. రాత్రిళ్లు ట్యూబ్‌లైటు కింద పడుకుని చదివే అలవాటు నాకు. తెల్ల కాగితం మీద వెలుగు తిరిగి కళ్లలో కొడుతుంది, యాభై పేజీలకే అలసట వస్తుంది. నేచురల్ షేడ్ అయితే ఒక నవల ఏకబిగిన లాగించేస్తాను. ఇంకో మాట. బెజవాడ పుస్తకాల పండక్కి వెళ్లి చూడండి, స్టాల్లో జనం ముందుగా ఏ పుస్తకం చేతిలోకి తీసుకుంటున్నారో. లావుగా, తేలిగ్గా ఉన్న పుస్తకం మీదకే చెయ్యి పోతుంది. మీ నాన్నగారి కథలు పదిమంది చేతుల్లోకి వెళ్లాలంటే అది అవసరమే.

ఆఫ్‌సెట్ బాబాయి

అమ్మా, బెజవాడలో ముప్ఫై ఒక్క ఏళ్లు మెషీన్ దగ్గర నిలబడ్డ వాణ్ణి. మొదట ట్రెడిల్ మీద సీసం అక్షరాలతో పని, తర్వాత ఆఫ్‌సెట్. రంగు సంగతి కాసేపు పక్కన పెట్టు. కాగితం మీద పడ్డాక సిరా ఏం చేస్తుందో చూడు.

బల్కీ కాగితాన్ని మిల్లులో రోలర్ల మధ్య గట్టిగా నొక్కరు. నారల మధ్య గాలి మిగిలిపోతుంది, అందుకే తూకం పెరక్కుండా లావు వస్తుంది. ఆ సందుల్లోకే సిరా పాకుతుంది. ఇంగ్లీషు అక్షరానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. మన అక్షరాలన్నీ సున్నాలు, చుక్కలు, కింద వేలాడే ఒత్తులు. ప్రెస్సులో భూతద్దం అడిగి 'థ' మీద పెట్టి చూడు. పొట్టలో చుక్క ఉంటుంది, దాని చుట్టూ సన్నటి తెల్లటి చోటు ఉంటుంది. సిరా వెంట్రుకవాసి పాకితే ఆ చోటు పూడుకుపోతుంది. లేదా గరుకు కాగితం గుంటలో చుక్క పడక, అసలు ఎక్కనే ఎక్కదు. అప్పుడు 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. కథల పుస్తకంలో మొదటి అట్ట లోపలే 'కధలు' అని కనబడితే ఎలా ఉంటుంది? 'ఠ' గతి కూడా అంతే, చుక్క పోతే 'ర' అయి కూర్చుంటుంది. ఇక 'స్థ', 'ష్ఠ', 'ర్ధ' లాంటివైతే పది పాయింట్ల అక్షరంలో ముద్దలే.

మీ అమ్మగారు చెప్పింది ఊరికే తీసెయ్యకండి. నలుపుకీ తెలుపుకీ తేడా ఎంత ఉంటే ఆవిడకి అంత బాగా కనిపిస్తుంది. నా ఓటు తెల్ల మ్యాప్‌లిథోకే, అదీ 80 జీఎస్ఎం.

చిన్న ప్రచురణ, హైదరాబాద్

బాబాయ్, చుక్క పూడుకుపోతది అన్నది నిజమే. కానీ తప్పు కాగితానిదే అంటే నేనొప్పుకోను. ఆరేండ్లల్ల పదకొండు పుస్తకాలు ఏసిన, అన్నీ నేచురల్ షేడే. మొదటి రెండిట్ల నాకూ గదే అయింది. సన్న ఫాంటు పెట్టి, పాయింటు తగ్గించి, పంక్తులు ఇరికించి పేజీలు మిగుల్చుకుందామని చూసిన. ఒత్తులన్నీ కింది పంక్తి గుడుల మీద కూసున్నయి. తర్వాత పన్నెండు పాయింట్లకు పెంచిన. పొట్టలు విశాలంగ ఉండే ఫాంటు పట్టుకున్న. లైను మధ్య జాగా ఎక్కువ ఇచ్చిన. మళ్ల ఆ తిప్పలు రాలే.

అక్కా, ఇంకో సంగతి ఎవరూ అడగలే. రెండు నమూనాల మీద వెనక పేజీ ఎంత కనబడుతున్నదో చూసినవా? తెల్ల 70 జీఎస్ఎంల వెనక అక్షరం ముందుకు తొంగి చూస్తది. మన లిపిల పంక్తుల మధ్య జాగా ఎక్కువుంటది, ఆ తెల్ల జాగలనే వెనక పంక్తి నీడ కనబడతది. బల్కీ కాగితం లావు, నీడ తక్కువ. అమ్మకు అక్షరం ఆనాలె అంటే నీడ లేకుండుడు కూడ ముఖ్యమే గద.

ఆఫ్‌సెట్ బాబాయి

నీడకి కాగితం మార్చడం ఒక్కటే మార్గం కాదు బాబూ. పేజీ కట్టేటప్పుడు ముందు పంక్తి, వెనక పంక్తి ఒకదాని మీద ఒకటి పడేలా చూసుకోవాలి. పేజీని లైటుకెదురు పట్టుకుంటే రెండు పక్కల పంక్తులూ ఒకే గీతలో ఉండాలి. అప్పుడు నీడ అక్షరాల వెనకే దాక్కుంటుంది. మేం సీసంతో కట్టినప్పుడు ఇది చెయ్యకపోతే ఫోర్‌మన్ ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) విప్పించేవాడు. ఇప్పుడు కంప్యూటర్లో పేరా పేరాకీ ఇష్టం వచ్చినంత జాగా వదులుతున్నారు, పంక్తులు ఎక్కడివక్కడ పోతున్నాయి.

80 ఎందుకన్నానో లెక్క చెబుతాను. 23×36 అంగుళాల షీటుకి డెమ్మీ 1/8 పేజీలు 32 వస్తాయి, అంటే పదహారేసి పేజీల ఫారాలు రెండు. 192 పేజీలకి ఆరు షీట్లు. 500 కాపీలకి 3000 షీట్లు, రీముకి 500 చొప్పున ఆరు రీములు. 70 జీఎస్ఎం రీము 18.7 కిలోలు తూగుతుంది, 80 అయితే 21.4. మొత్తం మీద 112 కిలోలకి బదులు 128 కిలోలు కొంటారు. వేస్టేజీ వేరు. కాగితం కిలోల్లో అమ్ముతారు కనుక మీకు పడే అదనం ఆ పదహారు కిలోలే. ప్రింటింగు కూలి మారదు, ప్లేట్ల ఖర్చు మారదు. మీ ప్రెస్సాయన బల్కీకి ఎక్కువ అడుగుతున్నది కిలోకి ఎంతో కనుక్కో, ఈ పదహారు కిలోల ధరతో పోల్చి చూడు.

గ్రంథాలయంలో పనిచేసిన మనిషి

ఇద్దరూ ఈ ఏడాది పుస్తకం ఎలా కనబడుతుందో మాట్లాడుతున్నారు. నా పని వయసు మీరిన పుస్తకాలతో. డెబ్భై ఎనభై ఏళ్ల నాటి పత్రికల సంపుటం తెరిస్తే బల్ల మీద పొట్టులా రాలుతుంది. మూల పట్టుకుంటే మూల చేతికొచ్చేస్తుంది. ఒకసారి ఒక పెద్దాయన తన తండ్రి పద్యం అచ్చయిన సంచిక కోసం వచ్చారు. పేజీ దొరికింది, పద్యం మధ్యలో మడత దగ్గర విరిగి రెండు పాదాలు పోయాయి. ఆయన ఆ ముక్కలు ఏరుకుని కవరులో పెట్టుకున్నారు.

దానికి కారణం రంగు కాదు. చెక్క నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ తీసెయ్యని గుజ్జు, సిరా పాకకుండా పటికతో సైజింగ్ చేసినప్పుడు కాగితంలో మిగిలే ఆమ్లం. న్యూస్‌ప్రింట్ ఎండలో రెండు రోజులుంచితే పసుపెక్కేది లిగ్నిన్ వల్లే. మీరు అడగాల్సింది "యాసిడ్ ఫ్రీయేనా?" అని. లిగ్నిన్ తీసిన గుజ్జుతో, క్యాల్షియం కార్బొనేట్ కలిపి క్షార పద్ధతిలో చేసిన కాగితం తెల్లగా ఉన్నా పసుపుగా ఉన్నా నిలుస్తుంది.

రెండు అపోహలు కూడా చెప్పాలి. నేచురల్ షేడ్ అంటే బ్లీచింగ్ లేని సహజమైన రంగు అనుకుంటారు. చాలావరకు అది కూడా బ్లీచ్ చేసిన గుజ్జే, అద్దకం రంగు కలిపి ఆ ఛాయ తెస్తారు. తెల్లగా నీలి మెరుపుతో ఉండే కాగితానిది సొంత తెలుపు కాదు. కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని పీల్చి నీలంగా వదిలే రసాయనం కలుపుతారు. అది వెలుతురుకి క్రమంగా బలం కోల్పోతుంది, అప్పుడు కాగితం వాడినట్టు కనబడుతుంది. తెల్లదే కావాలంటే మరీ తళతళలాడేది వద్దు.

కుట్టు దారం

నేను నోటు పుస్తకాలు, ఆల్బములు చేత్తో కుట్టి అమ్ముతాను. ఇంతమంది మాట్లాడారు, గ్రెయిన్ మాట ఎవరూ ఎత్తలేదు. కాగితంలో నార ఒక దిక్కుకి సాగి ఉంటుంది. ఆ దిక్కు పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పడితే ఎంత ఖరీదైన కాగితమైనా పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే మూసుకుపోతుంది, వెన్ను దగ్గర పేజీలు అలల్లా లేస్తాయి. వానాకాలం వస్తే మరీను.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు అక్కా. నమూనా షీటు నుంచి అరచేయంత చదరం ముక్క కత్తిరించండి. షీటులో నిలువు ఏదో పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఒకవైపు తడిగుడ్డతో అద్దండి. రెండు నిమిషాల్లో అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఏ దిక్కుకి ఉందో గ్రెయిన్ ఆ దిక్కే. ఇదే పని అట్ట కాగితానికీ చెయ్యండి, గ్రెయిన్ అడ్డం పడితే అట్ట మడత దగ్గర పగుళ్లొస్తాయి.

బల్కీ కాగితం గురించి నా వ్యతిరేకత ఇంకొకటుంది. గమ్ము బైండింగ్ వేయిస్తే ఆ లావుకి వెన్ను బిగుసుకుంటుంది. ఫారం ఫారంగా దారంతో కుట్టే సెక్షన్ కుట్టు వేయించుకుంటే ఏ కాగితమైనా బతుకుతుంది.

చిన్న ప్రచురణ, హైదరాబాద్

500 కాపీలకు సెక్షన్ కుట్టు అంటే ఖర్చు బాగ పెరుగుతది, అందరితోని అయ్యే పని గాదు. ఇంకొకటి చెప్త. రాజమండ్రి మిల్లు, భద్రాచలం పక్కన సారపాక మిల్లు, మా సిర్పూర్ కాగజ్‌నగర్, మూడూ మన దగ్గరే ఉన్నయి. కాగజ్‌నగర్ల మిల్లు 2014ల మూతబడి 2018ల మళ్ల నడిచింది. ఆ నాలుగేండ్లు ఆ ఊరు ఎట్లున్నదో చూసిన. నేను కాగితం కొనేటప్పుడు ముందు మన మిల్లు సరుకు ఉన్నదా అని అడుగుత. బయటి నుంచి వచ్చే బల్కీ ఒక పుస్తకానికి దొరికి రెండో ముద్రణకు దొరకకపోతే, రెండు ముద్రణలు పక్కపక్కన పెడితే వేరే పుస్తకాలు అనిపిస్తయి. నాకు ఒక కవితా సంపుటికి గట్లనే అయింది.

డల్లాస్ తెలుగు

ఇక్కడ ప్రింట్ ఆన్ డిమాండ్‌లో, అంటే ఆర్డరు వచ్చినన్ని కాపీలే అచ్చు వేసే పద్ధతిలో వేసుకున్న అనుభవంతో ఒక్క మాట. డిజిటల్ మెషీన్లో టోనర్ పొడి కాగితం పైనే కూర్చుంటుంది, సిరాలా లోపలికి పాకదు. 'థ' చుక్క నాకు క్రీమ్ కాగితం మీద కూడా శుభ్రంగానే వచ్చింది. మీ ప్రెస్సు ఆఫ్‌సెట్టో, డిజిటలో చెప్పకుండా కాగితం తేల్చలేం. ముందు అది కనుక్కోండి.

తెనాలి అమ్మాయి

ఆఫ్‌సెట్టేనండీ. అందరికీ నమస్కారం, ఇంత ఓపిగ్గా చెప్పారు. నాకు ఒక అనుమానం వచ్చింది. బాబాయిగారు వద్దంటున్నది గరుకుని. పుస్తకాల సంచి గారికి కావలసింది రంగు. ఈ రెండూ ఒక కాగితంలోనే కలిసి ఉండాలా? నున్నగా ఉండే పసుపు కాగితం ఉండదా?

ఆఫ్‌సెట్ బాబాయి

ఉంటుందమ్మా. నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో అని అడుగు. బల్కీ కాదు, మ్యాప్‌లిథోనే, రంగు మాత్రం లేత మీగడ. నేను నీకు మొదటే చెప్పాల్సింది, తెలుపు పట్టుకుని కూర్చున్నాను. పుస్తకం లావు మాత్రం రాదు. 192 పేజీలంటే 96 కాగితాలు. 70 జీఎస్ఎంలో అయితే మ్యాప్‌లిథో తొమ్మిది మిల్లీమీటర్ల లోపే తేలుతుంది, బల్కీ అయితే పదకొండు దాకా పోతుంది. ఆ రెండు మిల్లీమీటర్ల కోసం అక్షరం పోగొట్టుకోవద్దు.

పుస్తకాల సంచి

లావు కోసం కాదు బాబాయిగారూ, చేతికి తేలిగ్గా ఉండటం కోసం. 80 జీఎస్ఎం వేస్తే కాపీకి ముప్ఫై గ్రాములు పెరుగుతుందని మీ లెక్కలోనే ఉంది. ఒళ్లో పెట్టుకు చదివే పెద్దవాళ్లకి అదీ తెలుస్తుంది. ఈ విషయంలో నేను మారను.

తెనాలి అమ్మాయి

నిన్న ప్రెస్సుకి వెళ్లొచ్చాను. ప్రెస్సాయన వేరే పని ప్లేటు ఎక్కించేలోపు, మా మొదటి ఫారం ప్లేటు పెట్టి మూడు కాగితాల మీద ఐదేసి షీట్లు తీసిచ్చారు. తెల్ల మ్యాప్‌లిథో 70, బల్కీ 70, నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో 80. నాన్న మొదటి కథ పేరు 'మఠం వీధి'. ఆ పేరు మీదే భూతద్దం పెట్టాను. బల్కీ మీద శీర్షికలోని పెద్ద 'ఠ' బాగానే ఉంది. కింద కథలో అదే మాట వచ్చిన తొమ్మిది చోట్ల నాలుగింట చుక్క పూడుకుపోయింది. మిగతా రెండు కాగితాల మీద అన్నీ విడివిడిగా ఉన్నాయి. తెల్లదాని మీద వెనక పేజీ నీడ కనబడింది, హైదరాబాద్ తమ్ముడు చెప్పినట్టే.

మూడూ ఇంటికి తెచ్చి, ఏది ఏదో చెప్పకుండా సాయంత్రం వరండాలో అమ్మకిచ్చాను. తెల్లది కాసేపు చదివి పక్కన పెట్టింది. నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో తీసుకుని పదహారు పేజీలూ చదివి, మూడో పేజీలో మేం ముగ్గురం మూడుసార్లు దిద్దినా దొరకని తప్పు పట్టుకుంది. మా నాయనమ్మ పేరులో ఒత్తు పోయింది.

ఆ పేజీ దిద్దాక కొత్త ప్లేటు వేస్తారు. ఆరు రీములు ఈ ఉదయం ఆర్డరు పెట్టాం. 'కుట్టు దారం' గారూ, తడిగుడ్డ పరీక్షలో గొట్టం పొడవు వెన్ను దిక్కుకే వచ్చింది. సెక్షన్ కుట్టు 500కీ కుదరదు. అమ్మకీ, చుట్టాలకీ ఇచ్చే ఇరవై కాపీలు విడి ఫారాలుగా పంపితే మీరు కుట్టగలరా?

కుట్టు దారం

పంపండి అక్కా. ఫారాలు మడత పెట్టించి పంపండి, వెన్ను వైపు కత్తిరించనివ్వకండి.