రీజనల్ ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ సీటా, పెద్ద ఎయిర్‌లైన్‌లో సీనియారిటీ అట్టడుగు నంబరా? సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, ఒక రీజనల్ ఎయిర్‌లైన్‌లో (పెద్ద కంపెనీల తరఫున చిన్న రూట్లు నడిపేది) ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి వీసా గొడవ లేదు. ఎయిర్‌లైన్‌లో చేరడానికి కావాల్సిన 1500 గంటల ఫ్లయింగ్ నింపడానికి రెండేళ్లు చిన్న విమానాల మీద కొత్తవాళ్లకు నడపడం నేర్పాడు. ట్రైనింగ్ అప్పు ఇంకా మెడ మీదే ఉంది.

ఒకప్పుడు ఈ ఉద్యోగాల్లో జీతం మరీ దారుణం. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ విమానం కూలి 50 మంది పోయాక గానీ పైలట్ల జీతాల సంగతి జనానికి తెలియలేదు. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజనల్ కంపెనీలు కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కి గంటకు 90 డాలర్లు ప్రకటించాక కథ మారింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాడికి ఇప్పుడు కెప్టెన్ అప్‌గ్రేడ్ వచ్చింది. అదే వారంలో ఒక పెద్ద ఎయిర్‌లైన్ (మేజర్ అంటారు) నుంచి కూడా పిలుపు. అక్కడికి వెళ్తే మొదటి ఏడాది జీతం ఈ కెప్టెన్ జీతం కన్నా తక్కువట. పైగా ఇన్నేళ్ల సర్వీసు లెక్కలోకి రాదు, సీనియారిటీ మళ్లీ సున్నా నుంచే. కానీ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), సెలవులు, నడిపే విమానం, అప్‌గ్రేడ్ అన్నీ చేరిన తేదీని బట్టే కదా! రిటైర్మెంట్ 65కే. వాడికిప్పుడు 34.

మా నాన్నేమో "చేతిలో ఉన్నది వదలకురా" అంటున్నారు. ఆయనది బ్యాంకు ఉద్యోగం లెండి.

ఇలా కెప్టెన్ జీతం చూసి ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏడాది ఆలస్యం చేసినందుకు తర్వాత ఎంత దెబ్బ తగిలింది? కెప్టెన్‌గా గంటలు ఉంటే మేజర్లలో ఇప్పటికీ విలువ ఉందా? ఈ నెలాఖరులోగా జవాబు చెప్పాలి, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.