కర్ణాటక వయొలిన్ నేర్చుకున్న పిల్ల మ్యూజిక్ మేజర్‌కి ముందు కమ్యూనిటీ కాలేజీలో చేరాలా?

శాన్‌రామోన్_అమ్మ:
నమస్కారం అండీ. మా అమ్మాయి ఇప్పుడే 12వ గ్రేడ్‌లోకి వచ్చింది. ఏడో ఏట నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది, వర్ణాలు, పంచరత్నాలు అన్నీ వాయిస్తుంది. కాలేజీలో మ్యూజిక్ మేజరే చేస్తానని పట్టు పట్టింది, మేం సరే అన్నాం. అయితే నేరుగా సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ), యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)లకు అప్లై చెయ్యాలా, లేక ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు మ్యూజిక్ చదివి ట్రాన్స్‌ఫర్ అవ్వాలా అన్న దగ్గర ఆగిపోయాం. మా వారు కమ్యూనిటీ కాలేజీయే మేలంటున్నారు. యూనిట్‌కి 46 డాలర్లు, 60 యూనిట్లకి 2,760, మొదటిసారి ఫుల్‌టైమ్‌గా చేరేవాళ్ళకి చాలా కాలేజీల్లో రెండేళ్ళు ఆ ఫీజు కూడా మాఫీ చేస్తున్నారు. సీఎస్‌యూలో 2025-26కి ట్యూషనే ఏడాదికి 6,450, క్యాంపస్ ఫీజులు, ఉండడానికి, తినడానికి వేరే. మా ఆడపడుచు మాత్రం కమ్యూనిటీ కాలేజీ అని నలుగురిలో ఎలా చెప్తారు అంటోంది. ఆ మాట నేను పట్టించుకోను గానీ, ఈ దారిలో పిల్లల్ని పంపినవాళ్ళెవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

ట్రేసీ_నాన్న:
పంపినవాణ్ణి నేనున్నాను. వద్దండి. మావాడు శాక్సఫోన్. కమ్యూనిటీ కాలేజీలో నాలుగు సెమిస్టర్ల థియరీ చదివాడు, అన్నిట్లో ఎ గ్రేడే. ట్రాన్స్‌ఫర్ అయ్యాక మొదటి వారంలోనే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి, నువ్వు మూడో సెమిస్టర్ థియరీ మళ్ళీ చదవాలి అన్నారు. వాద్యంలో కూడా మొదటి ఏడాది లెవెల్ నుంచే మొదలుపెట్టించారు. పియానో ప్రొఫిషియెన్సీ అని ఇంకో పరీక్ష, అది ఇప్పటికీ అవ్వలేదు. నాలుగేళ్ళ చదువు ఇప్పుడు ఆరో ఏడాదిలో ఉంది. ముందు మిగిలిందనుకున్న ఫీజు అంతా ఆ అదనపు రెండేళ్ళ ఇంటి అద్దెకి, కారు ఇన్సూరెన్స్‌కి పోయింది, ఇంకా ఎదురు పెట్టాం. మీ పాపకి పదేళ్ళ సంగీతం చేతిలో ఉంది. స్టాఫ్ నొటేషన్, అదే వెస్టర్న్ సంగీతం రాసే లిపి, చదవడం అంటారా, ఆరు నెలల్లో వచ్చేస్తుంది. నేరుగా అప్లై చెయ్యండి.

ఎల్‌ఏ_తెలుగు:
మీరు దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటే లాస్ ఏంజెలెస్ సిటీ కాలేజీ చూడమనేదాన్ని. హెర్బ్ ఆల్పర్ట్ ఫౌండేషన్ వాళ్ళు 2016లో 10.1 మిలియన్ డాలర్లు ఇచ్చారు, మ్యూజిక్ మేజర్లకి ట్యూషన్ భారం లేకుండా. స్టార్ వార్స్ సినిమాకి సంగీతం ఇచ్చిన జాన్ విలియమ్స్ కూడా కొంతకాలం అక్కడ చదివినవాడే. నలుగురిలో చెప్పుకోడానికి అది చాలదా?

మిల్పిటాస్_మామయ్య:
కంప్యూటర్ సైన్స్ మేజర్, మ్యూజిక్ మైనర్. రెండూ దక్కుతాయి.

సాక్రమెంటో_టీచర్:
అమ్మా, నేను ఈ దారిలోనే వచ్చాను. కమ్యూనిటీ కాలేజీ, తర్వాత సీఎస్‌యూ, తర్వాత క్రెడెన్షియల్ (స్కూల్లో టీచరుగా చెయ్యడానికి లైసెన్సు). ఇప్పుడు ఒక మిడిల్ స్కూల్లో ఆర్కెస్ట్రా నడుపుతున్నాను. నాదీ మీ అమ్మాయిలాగే కర్ణాటక వయొలినే, అందుకే చెప్తున్నాను, ఆరు నెలల మాట నమ్మకండి.

నేను నేర్చుకున్నప్పుడు కింద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడికాలి మడమ దగ్గర ఆనించి వాయించేదాన్ని. తంతులు స-ప-స-ప శ్రుతిలో ఉండేవి. ఇక్కడ నిలబడి లేదా కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకోవాలి, తంతులు జి-డి-ఎ-ఇ. మనకి వేలు జారడమే గమకం, వాళ్ళకి వేలు జారితే స్వరం తప్పినట్టు. మ్యూజిక్ సీటుకి పెట్టే ఆడిషన్‌లో మూడు స్థాయిల స్కేళ్ళు, జర్మన్ స్వరకర్త బాక్ రాసిన సోలో ఒకటి, ఏదైనా కాంచెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒకరు సోలోగా వాయించే రచన) నుంచి ఒక భాగం, అప్పటికప్పుడు ఇచ్చిన కాగితం చూసి వాయించడం, సాధారణంగా ఇవన్నీ అడుగుతారు. ఇప్పుడు సెప్టెంబరు. ఆడిషన్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి లోపే. ఆ గదిలో పదేళ్ళ కర్ణాటక సంగీతం లెక్కకు రాదు.

కమ్యూనిటీ కాలేజీలో మ్యూజిక్‌కి ట్రాన్స్‌ఫర్ డిగ్రీ అని ఒకటుంది. నాలుగు సెమిస్టర్ల థియరీ, ఇయర్ ట్రైనింగ్ (స్వరాలు విని గుర్తుపట్టి రాయడం), నాలుగు సెమిస్టర్లు విడిగా టీచరు దగ్గర వాద్యం పాఠం, నాలుగు సెమిస్టర్లు ఆర్కెస్ట్రాలో వాయించడమో కాయిర్‌లో పాడడమో. ఆ రెండేళ్ళు మీ అమ్మాయికి కావాలి.

ట్రేసీ_నాన్న:
మేడమ్, ఆ డిగ్రీ మావాడికీ ఉంది. గోడకి తగిలించి ఉంది. ఆరు నెలలు చాలవని మీరెలా అంటారు? హిందీ అక్షరాలు మూడు నెలల్లో నేర్చుకున్నవాళ్ళం మనం. స్వరజ్ఞానం ఉన్నవాళ్ళకి ఐదు గీతల మీద చుక్కలు చదవడం ఎంతసేపు?

సాక్రమెంటో_టీచర్:
అక్షరాలు గుర్తుపట్టడం వేరు, చూసీ చూడగానే పేజీ గడగడా చదవడం వేరు. నాకు ఏడాదిన్నర పట్టింది.

ట్రేసీ_నాన్న:
మీకు ఏడాదిన్నర పట్టిందని అందరికీ అంతే పడుతుందా?

విజయనగరం_వాద్యం:
నేను ఫ్రీమాంట్‌లో పిల్లలకి వయొలిన్ చెప్తాను. ఎవరి మధ్యకీ రాకూడదనుకున్నాను కానీ "లెక్కకు రాదు" అన్న మాట చదివాక ఊరుకోలేకపోయాను. నేను చదివింది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో పెట్టిన కళాశాల అది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన పాశ్చాత్య సంగీతం శ్రద్ధగా విన్నారు, అందులోని మంచిని తన కమానులోకి తెచ్చుకున్నారు, ఉన్నది వదులుకోలేదు. పదేళ్ళు రోజూ సాధన చేసిన పిల్లని పట్టుకుని నువ్వు సున్నా దగ్గర నుంచి మొదలుపెట్టు అంటే ఆ పిల్ల మనసు ఏమవుతుందో ఆలోచించారా? సరిగమ పాడే పిల్లకి శ్రుతి ఎక్కడ పెట్టినా షడ్జం దొరుకుతుంది. ఇయర్ ట్రైనింగ్ అని మీరు అనేదాంట్లో సగం వాళ్ళకి వచ్చే ఉంటుంది. కనెక్టికట్‌లో వెస్లియన్ యూనివర్సిటీలో కర్ణాటక సంగీతాన్ని యూనివర్సిటీ చదువుగానే ఎన్నో దశాబ్దాలుగా చెప్తున్నారు. దాన్ని లెక్కలోకి తీసుకునే చోటు వెతకండి అని చెప్పాలి గానీ...

సాక్రమెంటో_టీచర్:
గురువుగారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు. మీరన్నది నిజం, ఒక్క స్వరం విని రాసే డిక్టేషన్‌లో నేనే క్లాసులో ముందుండేదాన్ని. నాలుగు గొంతులు ఒకేసారి మోగితే కింది గొంతు ఎటు కదిలిందో రాయమన్నప్పుడు మాత్రం ఏడుపొచ్చేది, ఎందుకంటే మన సంగీతంలో ఆ పనే లేదు. లెక్కకు రాదు అని నేనన్నది ఆ ఆడిషన్ గది గురించే. బాధగానే అన్నాను, ఆ గదిలో నిలబడిందాన్ని నేను.

హెచ్4_టెన్షన్:
మధ్యలో వస్తున్నందుకు సారీ. పాప హెచ్-4 (తల్లిదండ్రుల వర్క్ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉంటే ఇదంతా వేరే లెక్క. 21 నిండితే డిపెండెంట్ కాదు, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. ఎఫ్-1లో మ్యూజిక్ డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలే, స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి) వాళ్ళలా ఇంకో 24 నెలలు రావు. ఐదారేళ్ళు చదివే దారి మాలాంటివాళ్ళకి కుదరదు. మా అమ్మాయి వీణ ఇంట్లో మూల ఉంది, అందుకే చెప్తున్నా.

శాన్‌రామోన్_అమ్మ:
మా అమ్మాయి ఇక్కడే పుట్టిందండీ. మీ మాట చదివి మనసు బాగోలేదు.

ట్రేసీ_నాన్న:
మళ్ళీ అడుగుతున్నా. ఆరు నెలల సంగతి పక్కన పెట్టండి, ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఉంటే సీటు గ్యారంటీ అని కౌన్సిలర్ చెప్పారు మాకు. గ్యారంటీ అంటే ఇదేనా?

సాక్రమెంటో_టీచర్:
గ్యారంటీ సీఎస్‌యూ సిస్టమ్‌లో ఎక్కడో ఒకచోట సీటుకి. మనకి కావలసిన క్యాంపస్‌లో, కావలసిన మ్యూజిక్ ప్రోగ్రామ్‌లో కాదు. మ్యూజిక్ డిపార్ట్‌మెంట్‌లోకి ఆడిషన్ వేరే. ఇంకో 60 యూనిట్లలో డిగ్రీ అయిపోతుందన్న హామీ కూడా చాలాచోట్ల బీఏ మ్యూజిక్‌కి ఉంటుంది, బీఎమ్ (బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్) పెర్ఫార్మెన్స్‌కి ఉండకపోవచ్చు. యూసీల్లో టీఏజీ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అని ఒకటుంది గానీ బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో అందులో లేవు. ఏ కోర్సు ఎక్కడ దేనికి సమానమో అసిస్ట్ వెబ్‌సైట్‌లో కాలేజీ వారీగా ఉంటుంది. మీవాడు చేరకముందు అది చూశారా? పియానో క్లాసు మొదటి సెమిస్టర్ నుంచే తీసుకున్నాడా?

ట్రేసీ_నాన్న:
మీరు తప్పంతా మా మీద వేస్తున్నారు. మీరు స్కూల్లో ఉద్యోగం చూసుకుని స్థిరపడ్డారు కాబట్టి మీకు ఆ దారి బంగారంలా కనిపిస్తుంది. నిజంగా వేదిక మీద వాయించాలనుకునే పిల్లలకి ఆ రెండేళ్ళు తిరిగి రావు. మీకది అర్థం కాదు.

సాక్రమెంటో_టీచర్:
నాకు అర్థం కాదా? మా నాన్న మ్యూజిక్‌కి ఒక్క డాలర్ ఇవ్వనన్నారు. పొద్దున ఫార్మసీ కౌంటర్‌లో నిలబడి, మధ్యాహ్నం థియరీ క్లాసుకి వెళ్ళి, రాత్రి కాలేజీ ప్రాక్టీస్ రూమ్ మూసేదాకా వాయించేదాన్ని. ఆడిషన్ లేకుండా, ఎవరి సంతకం అడగకుండా నన్ను లోపలికి రానిచ్చింది ఆ కాలేజీ ఒక్కటే. స్థిరపడ్డానా? నా ఆర్కెస్ట్రాలో 60 మంది పిల్లలున్నారు. 2022లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపోజిషన్ 28 గెలిపించాక బడుల్లో ఆర్ట్స్, మ్యూజిక్‌కి ఏటా సుమారు బిలియన్ డాలర్లు వస్తున్నాయి, 500 మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లు అందులో కనీసం 80 శాతం మనుషుల్ని పెట్టుకోడానికే ఖర్చు చెయ్యాలి. పిల్లలకి వయొలిన్ పట్టుకోవడం నేర్పే ఉద్యోగం వేదిక కంటే తక్కువని మీరంటే నేను ఒప్పుకోను. అసలు మీరు ఎవరి మీద కోపంగా ఉన్నారో చెప్పండి.

విజయనగరం_వాద్యం:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. పిల్లల తల్లి చదువుతోంది.

ట్రేసీ_నాన్న:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. మేడమ్, అసిస్ట్ నేను చూడలేదు. పియానో క్లాసు తీసుకున్నాడో లేదో నాకు తెలియదు. నేను వాణ్ణి కమ్యూనిటీ కాలేజీలో ఎందుకు చేర్చానంటే, రెండేళ్ళలో ఈ మ్యూజిక్ పిచ్చి వదిలిపోతుంది, అప్పుడు బిజినెస్‌కో కంప్యూటర్స్‌కో మారతాడు, ఫీజు పెద్దగా పోదు అని. మా ఇంట్లో నేనూ మా ఆవిడా మాట్లాడుకున్నది అదే. వాడికి చెప్పలేదు, వాడికి తెలిసిపోయింది. ఆ రెండేళ్ళూ ఏ కోర్సు తీసుకున్నావు, ఏ పరీక్ష ఉంది అని ఒక్కసారి కూడా అడగలేదు నేను. వాడు కూడా కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళలేదు, ఎటూ నాన్నకి ఇష్టం లేదు కదా అని సగం మనసుతో చదివాడు. థియరీలో ఎ గ్రేడులు వచ్చాయి గానీ చెవికి ఎక్కలేదు. ఇప్పుడు ఆరో ఏడాది. నా కోపం కాలేజీ మీద కాదేమో. శాన్‌రామోన్ అమ్మగారూ, మీరు మొదట రాసినది మళ్ళీ చదివాను. కమ్యూనిటీ కాలేజీయే మేలని మీ వారంటున్నారు అన్నారు. ఎందుకు మేలంటున్నారో ఒకసారి అడగండి. ఫీజు కోసమా, లేక మారుతుందేమోననా?

శాన్‌రామోన్_అమ్మ:
అడిగాను. "రెండేళ్ళు చూద్దాం, అప్పటికి మనసు మారొచ్చు" అన్నారు. నేను కూడా లోపల అదే అనుకుంటున్నానని అప్పుడు తెలిసింది. అమ్మాయిని కూర్చోబెట్టి ఇక్కడ రాసినవన్నీ చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నేను కచేరీలు చేస్తానని ఎప్పుడైనా చెప్పానా, స్కూల్లో పిల్లలకి చెప్పాలనుంది అంది. మాకు ఆ సంగతే తెలియదు. మ్యూజిక్ అనగానే వేదికే అనుకున్నాం.

కమ్యూనిటీ కాలేజీకే వెళ్తానంది, కానీ తన షరతులతో. ఇప్పటి నుంచే వారానికి ఒక వెస్టర్న్ వయొలిన్ పాఠం, ఒక పియానో పాఠం. మ్యూజిక్ ఎడ్యుకేషన్ ఉన్న సీఎస్‌యూలు మూడు తనే ఎంచుకుని, అసిస్ట్‌లో కోర్సులు కలిపి చూసుకుంటోంది. మా వారు పక్కన కూర్చుని ప్రింట్ తీసి ఇస్తున్నారు. గురువుగారూ, శనివారం కర్ణాటక క్లాసు మానదట, అది మీకు చెప్పమంది.

విజయనగరం_వాద్యం:
మానకూడదు కూడా. రెండు వయొలిన్లు ఉంచుకోమనండి, ఒకటి మన శ్రుతిలో, ఒకటి వాళ్ళ శ్రుతిలో. ఒకే వయొలిన్ మీద రోజూ తంతులు మార్చి మార్చి బిగిస్తే తెగుతాయి, శ్రుతీ నిలవదు.

ట్రేసీ_నాన్న:
టీచర్ మేడమ్, నిన్నటి మాటకి క్షమించండి. మావాడికి పియానో పరీక్ష డిసెంబర్లో మళ్ళీ ఉంది. ఏం అడుగుతారు అందులో? వాణ్ణి అడిగితే చెప్పడేమోనని మిమ్మల్ని అడుగుతున్నా.

సాక్రమెంటో_టీచర్:
మామూలుగా అయితే మేజర్, మైనర్ స్కేళ్ళు రెండు చేతులతో, ఇచ్చిన పాటకి ఎడమచేత్తో కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) పెట్టడం, చూసి వాయించడం, తయారు చేసుకున్న ఒక చిన్న పీస్. ఒక్కో కాలేజీ పద్ధతి ఒక్కోలా ఉంటుంది, డిపార్ట్‌మెంట్ ఆఫీసులో లిస్టు ఇస్తారు. కానీ మీరు వాణ్ణే అడగండి సార్. చెప్తాడు. ఇంట్లో కీబోర్డు ఉందా?

ట్రేసీ_నాన్న:
లేదు. ఈ శనివారం తెస్తాను.